కొలత ఉంటేనే మందు

నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో స్వస్థత కూటాలు ముగిశాక కాపరుల దగ్గరికి వచ్చి విశ్వాసులు అడిగే ప్రశ్నల్లో ఒకటి మరీ తరచుగా వినిపిస్తూ ఉంటుంది. 'అయ్యగారూ, ప్రార్థన చేశారు గదా, ఇక ఆ గోలీ బంద్ చెయ్యమంటారా?' ఆ గోలీ అంటే నిద్ర కోసమో, గుండె దడ కోసమో ఏళ్ల తరబడి వేసుకుంటున్న అల్ప్రాజోలం. కొందరికి అది గోలీగా కాక, సాయంత్రం తాగే కల్లు సీసాలో కలిసి వస్తుంది. 'విశ్వాసముంచి ఇవాళే పారేయండి' అని జవాబు చెప్పడం చాలా తేలిక. వినడానికి గొప్ప విశ్వాసంగా కూడా ఉంటుంది. కానీ ఆ ఒక్క మాట మనిషి ప్రాణం తీయగలదు. ఈ విషయంలో సంఘం తెలిసి మాట్లాడాలని, తెలియకపోతే నోరు మూసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని మేము గట్టిగా నమ్ముతున్నాం.

ఈ మందు ఎవరి ఇళ్లలో ఉందో ముందు చూద్దాం. వెయ్యి బీడీల లెక్క పూర్తి చేయడానికి పొద్దంతా వంగి కూర్చుని, రాత్రికి నడుం నొప్పితో నిద్ర పట్టని తల్లుల ఇళ్లలో ఉంది. భర్త గల్ఫ్‌లో ఉండగా అప్పు మీద మిత్తి నెలనెలా పెరుగుతుంటే కంటి మీద కునుకు లేని ఇల్లాలి దిండు కింద ఉంది. 1937లో పుట్టి బోధన్‌కు అన్నం పెట్టిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక జీతం పోయిన కార్మికుల ఇళ్లలోనూ, ఫ్యాక్టరీని నమ్ముకుని చెరకు వేసిన రైతుల ఇళ్లలోనూ ఉంది. వీళ్లలో చాలామంది మత్తు వెతుక్కుంటూ వెళ్లినవారు కారు. ఒక రాత్రి కంటినిండా నిద్ర దొరికితే చాలనుకున్నవారు. అలాంటివారిని పట్టుకుని 'తాగుబోతులు', 'మత్తుకు బానిసలు' అని బల్ల గుద్ది ప్రసంగించే ముందు మనం కాస్త ఆగాలి.

అల్ప్రాజోలం చెడ్డ మందేమీ కాదు. 1981లో అమెరికాలో అనుమతి పొందినప్పటి నుంచి ప్రపంచమంతటా డాక్టర్లు వాడుతున్న మందే. విపరీతమైన ఆందోళన, ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం ఉన్నవారికి కొద్దికాలం పాటు మేలు చేస్తుంది. మన షాపుల్లో దొరికే గోలీలు 0.25, 0.5, 1 మిల్లీగ్రాముల్లో ఉంటాయి. అంటే చిటికెడు ఉప్పులో వందల వంతు. ఇంత తక్కువ మోతాదుతో ఇంత పెద్ద పని చేసే మందుకు కొలతే ప్రాణం. మెదడులో గాబా అనే రసాయనం ఉంది. అది బండికి బ్రేకు లాంటిది. ఆలోచనలు, భయాలు హద్దు దాటకుండా ఆపుతుంది. అల్ప్రాజోలం ఆ బ్రేకుకు బలమిస్తుంది. అందుకే వేసుకున్న గంట రెండు గంటల్లో దడ తగ్గి, కన్ను మూతపడుతుంది.

చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. రోజూ బయటి నుంచి బలం వస్తుంటే మెదడు తన సొంత బ్రేకును సడలించుకుంటుంది. కొన్ని వారాలకే అదే గోలీ మునుపటిలా పనిచేయదు. ఒకటి రెండవుతుంది, సగం గోలీ నిండు గోలీ అవుతుంది. పైగా అల్ప్రాజోలం ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. సుమారు 11 గంటల్లో సగం తగ్గిపోతుంది. కాబట్టి రాత్రి వేసుకున్నవారికి మరునాడు సాయంత్రమయ్యేసరికి చేతులు వణకడం, చెమట పట్టడం, చిరాకు మొదలవుతాయి. 'నా జబ్బు మళ్లీ తిరగబెట్టింది' అనుకుంటారు వాళ్లు. చాలాసార్లు అది పాత జబ్బు కాదు, మందు దిగిపోతున్న గుర్తు. డాక్టరు చెప్పినట్టే వాడినవారికి కూడా ఇది వస్తుంది. ఒళ్లు మందుకు అలవాటుపడటం వేరు, మత్తు కోసం వెంపర్లాడటం వేరు. ఈ తేడా తెలియని సంఘం నిరపరాధిని నేరస్థుణ్ని చేస్తుంది.

ఇక రెండో దారి కల్లు. తాటిచెట్టు, ఈతచెట్టు ఎక్కి ప్రాణాలకు తెగించి కల్లు దించే గీత కార్మికుడి కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. చెట్టు నుంచి దిగిన కల్లు వేరు, నీళ్లలో పొడి కలిపి సీసాల్లో నింపిన కల్లు వేరు. చెట్లు తక్కువై, తాగేవాళ్లు ఎక్కువైనచోట ఆ లోటును పూడ్చడానికి అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతున్నారని మన జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఒక్క గ్రాము అల్ప్రాజోలం పొడితో అర మిల్లీగ్రాము గోలీలు 2,000 తయారవుతాయి. ఫ్యాక్టరీలో యంత్రాలు, పరీక్షలు, తూకాలు పెట్టుకుని సరిచూసే ఆ గ్రామును ఇక్కడ డ్రమ్ములో వేసి కర్రతో కలుపుతారు. ఆ పొడి నీళ్లలో సులువుగా కరగదు. అడుగు సీసాలో ఎంత పడిందో, పై సీసాలో ఎంత పడిందో కలిపినవాడికి కూడా తెలియదు. నిన్న రెండు సీసాలు తాగి నడిచి ఇంటికి పోయినవాడు ఇవాళ అవే రెండు సీసాలు తాగి లేవకపోవచ్చు.

మత్తుమందుల చట్టం కింద 100 గ్రాముల అల్ప్రాజోలాన్ని వ్యాపార పరిమాణంగా లెక్కించి కఠిన శిక్ష వేస్తారు. వంద గ్రాములే గదా అనుకునేవారికి అందులో రెండు లక్షల గోలీల మందు ఉందని తెలియాలి. దొంగ త్రాసు, వేర్వేరు తూకపు రాళ్లు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం హెచ్చరిస్తుంది. ఇన్నాళ్లూ ఆ మాటను కిరాణా కొట్టు త్రాసుకే వర్తింపజేశాం. ఎంత కలిపాడో చెప్పకుండా పేదవాడి సీసాలో మందు కలిపేవాడిది అంతకన్నా పెద్ద దొంగ తూకం. కిరాణా కొట్టులో పోయేది రూపాయి. ఇక్కడ పోయేది మనిషి.

ఇది పాత కథ అనుకోవద్దు. 2015లో రాష్ట్రంలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా తగ్గినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుంది. జనం వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ, లేనివాళ్లతో మాట్లాడుతూ, ఫిట్స్ వచ్చి పడిపోతూ ఆసుపత్రులకు చేరారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కూడా రోగులు బారులు కట్టారు. మరణాలూ సంభవించాయని పత్రికలు రాశాయి. పదేళ్ల తరువాత, 2025 ఏప్రిల్‌లో, ఒకప్పుడు మన ఉమ్మడి జిల్లాలోనే ఉన్న కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్లు తాగిన యాభైమందికి పైగా అస్వస్థతతో ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడాది జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఎక్కువైతే ఒక ప్రమాదం, ఒక్కసారిగా ఆగిపోతే మరో ప్రమాదం. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని దారి పేరే కొలత.

ఒక్కసారిగా ఆపితే ఎందుకంత ప్రమాదం? మెదడు తన బ్రేకును సడలించుకుందని చెప్పుకున్నాం గదా. అది మళ్లీ బిగుసుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. అంతలో బయటి బలం తీసేస్తే దిగుడులో బ్రేకు లేని లారీ అవుతుంది. అల్ప్రాజోలం అయితే ఒకటి రెండు రోజుల్లో, డైజోఫాం అయితే వారం దాకా ఆలస్యంగా, లక్షణాలు బయటపడతాయి. మొదట నిద్ర పోతుంది. తరువాత వణుకు, చెమట, వాంతులు, వెలుతురును, చప్పుడును తట్టుకోలేకపోవడం. ముదిరితే లేనివి కనిపించడం, ఎవరో చంపడానికి వస్తున్నారని పరుగెత్తడం, చివరికి ఫిట్స్. ఈ ఫిట్స్‌తో ప్రాణం పోవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 సెప్టెంబరులో ఈ జాతి మందులన్నిటి మీదా ఇదే విషయాన్ని పెట్టె కట్టి ముద్రించాలని ఆదేశించింది.

ఇప్పుడు మన ప్రార్థన కూటాల వైపు చూద్దాం. ఉపవాస కూటంలో ఒకాయన గోలీలు, కల్లు మానేస్తున్నానని తీర్మానం చేసుకుంటాడు. చప్పట్లు కొడతాం, స్తోత్రం చెబుతాం. మూడో రోజు రాత్రి ఆయన కేకలు వేస్తాడు, నేల మీద పడి కొట్టుకుంటాడు. ఇంట్లోవాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లకుండా మళ్లీ ప్రార్థనకు తీసుకొస్తారు. 'దయ్యం వదలలేక తన్నుకుంటోంది' అని ఎవరో అంటారు. ఇంకెవరో చేతిలో తాళాల గుత్తి పెడతారు. విలువైన గంటలు గడిచిపోతాయి. కాబట్టి తోటి కాపరులకు మా మనవి ఇది. ఒక మనిషి ఉన్నట్టుండి వింతగా ప్రవర్తిస్తే అన్నిటికన్నా ముందు ఇంటివాళ్లను అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 'ఈయన ఏం వాడేవాడు, ఎప్పుడు ఆపాడు?' ఫిట్స్ వస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, నీళ్లు, ఏమీ పెట్టొద్దు. 108కి ఫోన్ చేయండి. అంబులెన్సులో కూర్చుని ప్రార్థన చేయండి. దేవుడు అక్కడ కూడా వింటాడు.

'అయితే దేవుడు ఒక్క క్షణంలో విడిపించలేడా?' అని ఎవరైనా అడుగుతారు. విడిపించగలడు. కానీ ఆయన ఎప్పుడూ అలాగే చేస్తానని ఎక్కడా మాట ఇవ్వలేదు. మార్కు సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదాలోని గుడ్డివాణ్ని యేసుప్రభువు రెండుసార్లు ముట్టాడు. మొదటిసారి అతనికి మనుషులు నడిచే చెట్లలా మసకగా కనిపించారు. రెండోసారి ముట్టాక చూపు తేటపడింది. నడిమధ్య ఆ మసక చూపులో ఉన్నవాణ్ని ప్రభువు 'నీకు విశ్వాసం చాలలేదు' అని గద్దించలేదు. ఏం కనిపిస్తోందని అడిగాడు. విని, మళ్లీ చెయ్యి వేశాడు. మందు తగ్గించుకుంటున్న మనిషి కూడా కొన్ని నెలలు ఆ మసకలోనే ఉంటాడు. అతనికి కావలసింది ఎలా ఉందని అడిగే కాపరి.

నిర్గమకాండం 23వ అధ్యాయంలో ఇంకా స్పష్టంగా ఉంది. కనాను నుంచి శత్రువులను ఒక్క ఏడాదిలోనే వెళ్లగొట్టనని, అలా చేస్తే దేశం పాడుబడి అడవి మృగాలు పెరుగుతాయని, కొంచెం కొంచెంగా వెళ్లగొడతానని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు. అంటే నెమ్మదిగా జరిగే విడుదల కూడా దేవుడు వేసిన పథకమే. ఖాళీ అయినచోట మృగాలు చేరతాయన్న మాట ఈ మందు విషయంలో అక్షరాలా నిజం. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొద్దిగా పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. అందులో అసలు బరువు 'కొద్దిగా' అన్నచోట ఉంది. జబ్బు ఏమిటో చెప్పాడు, మందు చెప్పాడు, మోతాదు చెప్పాడు. ఇంతకన్నా పొందికైన చీటీ ఏ డాక్టరు రాయగలడు?

ఇది చదివి 'అయితే పాస్టరుగారే వేసుకోమన్నారు, జీవితమంతా వేసుకుందాం' అనుకోవద్దు. అల్ప్రాజోలం వంటివి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించకుండా వాడాలన్నది వైద్యశాస్త్రం చెప్పే హద్దు. కానీ మన దగ్గర పదేళ్ల కింద రాసిన చీటీ మడతలు పడి, అక్షరాలు చెరిగిపోయినా ఇంకా చెల్లుతోంది. షాపువాడికి ముఖం తెలుసు, చీటీ అక్కర్లేదు. నిజానికి ఈ మందు షెడ్యూల్ హెచ్1లో ఉంది. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న ఆ నిబంధన ప్రకారం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన మోతాదు పుస్తకంలో రాసి మూడేళ్లు భద్రపరచాలి. చీటీ అడిగిన షాపువాడి మీద కోపగించుకోకండి. అతను మీ ప్రాణానికి కాపలా ఉన్నాడు.

ఏళ్లు గడిచేకొద్దీ మరికొన్ని ప్రమాదాలు చేరతాయి. మతిమరుపు పెరుగుతుంది. వయసుపైబడినవారు రాత్రి లేచి మూత్రానికి వెళ్తూ తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. ఆటో, ట్రాక్టర్, వరికోత మిషన్ నడిపేవారి చెయ్యి ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది. అన్నిటికన్నా ఘోరం కలపడం. గోలీ మీద కల్లు, గోలీ మీద సారా, గోలీ మీద ట్రమడాల్ వంటి నొప్పి మందు పడితే నిద్రలోనే శ్వాస ఆగిపోవచ్చు. పగలు డాక్టరు గోలీ, రాత్రి దుకాణం సీసా వాడేవారికి రెండుచోట్లా ఒకే మందు దొరుకుతోందని తెలియదు. డాక్టరుకు కల్లు సంగతి చెప్పడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు ఖరీదు చాలా ఎక్కువ.

ఈ మధ్య విదేశాల్లో ఉన్న పిల్లల ద్వారా ఇంకొక మాట కూడా మన ఇళ్లకు చేరుతోంది. 'అమెరికాలో గంజాయిని మందుగా ఇస్తున్నారట, మనం వాడితే తప్పేంటి?' అని. అక్కడ జరిగింది ఏమిటో పూర్తిగా వినాలి. గంజాయి మొక్క నుంచి మత్తు లేని కన్నాబిడయాల్ అనే పదార్థాన్ని విడదీసి తయారుచేసిన ఒక మందుకు 2018లో అక్కడ అనుమతి వచ్చింది. చిన్నపిల్లల్లో వచ్చే కొన్ని అరుదైన, మొండి మూర్ఛ జబ్బులకు దాన్ని ఇస్తారు. బిడ్డ బరువును బట్టి కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. వారం చూసి 10కి పెంచుతారు. మొదలుపెట్టే ముందు, ఆ తరువాత ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల కాలేయానికి రక్తపరీక్ష చేస్తారు. ఆపాలన్నా మెల్లగానే తగ్గిస్తారు. చిలుంలో వేసి పీల్చే గంజాయికీ దీనికీ పోలిక ఎక్కడుంది? మొక్క ఒకటే కావచ్చు. తక్కువతో మొదలుపెట్టడం, మెల్లగా మార్చడం, పరీక్షలతో గమనించడం అనే మూడు పనులే దాన్ని మందు చేశాయి. ఆ మూడూ లేనిచోట పేరున్న కంపెనీ గోలీ అయినా విషమే.

మరి ఏళ్లుగా అల్ప్రాజోలం వాడుతున్నవారు ఏం చేయాలి? దీనికి దారి ఉంది. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ హీథర్ ఆష్టన్ 1982 నుంచి 1994 దాకా ఇలాంటి రోగుల కోసమే ఒక క్లినిక్ నడిపారు. ఒంట్లో తొందరగా తగ్గిపోయే అల్ప్రాజోలం వంటి మందు నుంచి, నెమ్మదిగా తగ్గే డైజోఫాంకు మార్చి, దాన్ని మెట్టు మెట్టుగా తగ్గించే పద్ధతిని ఆమె ప్రచారంలోకి తెచ్చారు. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి విడుదల చేసిన సూచనల్లోనూ ఇదే ఓపిక ఉంది. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి 5 నుంచి 10 శాతం తగ్గించి చూడాలి. ఏ రెండు వారాల్లోనూ తగ్గింపు 25 శాతం దాటకూడదు.

దీన్ని మన లెక్కలో చెప్పుకుందాం. ఒక తల్లి రోజుకు 1 మిల్లీగ్రాము అల్ప్రాజోలం వాడుతోంది. పదో వంతు తగ్గించాలంటే 0.1 మిల్లీగ్రాము తీసేయాలి. అంత చిన్న గోలీ షాపులో లేదు, బ్లేడుతో కోస్తే పొడి అవుతుంది. ఆష్టన్ లెక్క ప్రకారం 1 మిల్లీగ్రాము అల్ప్రాజోలం సుమారు 20 మిల్లీగ్రాముల డైజోఫాంకు సమానం. డైజోఫాంలో 2 మిల్లీగ్రాముల గోలీ ఉంది. 20లో 2 తీస్తే సరిగ్గా పదో వంతు. అందుకే డాక్టర్లు మందు మారుస్తారు. అయితే 8కి దిగాక అదే 2 తీస్తే నాలుగో వంతు పోయినట్టు, 4కి దిగాక తీస్తే సగం పోయినట్టు. కాబట్టి కిందికి దిగేకొద్దీ మెట్లు ఇంకా చిన్నవి కావాలి. చాలామంది చివరి మెట్టు దగ్గర 'ఇంతే గదా' అని దూకి పడిపోయేది ఇందుకే. ఇదంతా ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాది దాటవచ్చు. ఈ లెక్క మీకు చెప్పింది ఇంట్లో మీరే చేసుకోవడానికి కాదు. వయసు, కాలేయం, మిగతా జబ్బులు చూసి డాక్టరు మాత్రమే ఈ మార్పు చేయాలి. డాక్టరు నెమ్మదిగా పోతుంటే విసుక్కోకుండా ఉండటానికి మాత్రమే చెప్పాం.

కల్లు ద్వారా అలవాటైనవారి పరిస్థితి మరింత కష్టం. వారు రోజుకు ఎంత మందు తీసుకుంటున్నారో ఎవరికీ తెలియదు. అందుకే డాక్టరు వారి లక్షణాలు చూసి, తెలిసిన మోతాదులో తెలిసిన మందు ఇచ్చి, ముందు నిలకడకు తెచ్చి, తరువాత తగ్గిస్తారు. మత్తు మానడానికి మళ్లీ మత్తు మందా అని కొందరు వెక్కిరిస్తారు. కొలత తెలియని చోటు నుంచి కొలత తెలిసిన చోటికి మనిషిని తీసుకురావడమే వైద్యంలో మొదటి మెట్టు. రెండో రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో గిల్గాలు కరువు కాలంలో ఆకలిగొన్న శిష్యులు తెలియని కాయలు కోసి కూరలో వేశారు. కుండలో చావు ఉందని కేకలు పెట్టారు. ఎలీషా కుండను పగలగొట్టి వారిని పస్తు పడుకోబెట్టలేదు. కాయలు తెచ్చినవాణ్ని తిట్టలేదు. పిండి తెప్పించి వేసి, అదే కుండలోది తినదగినదిగా చేశాడు. ఆకలి నిజమని ఆయనకు తెలుసు. నిద్రలేని బీడీ కార్మికురాలి ఆకలి కూడా నిజమే.

ఈ ఓపిక మన జిల్లా సంఘానికి కొత్త కాదు. నిజామాబాద్ పక్కనే ఉన్న డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీ దంపతులు డాక్టర్ ఇసబెల్ కెర్, రెవరెండ్ జార్జి కెర్, రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రిని నిలబెట్టారు. అప్పట్లో ఆ జబ్బుకు సరైన మందే లేదు. గింజల నుంచి తీసిన నూనెను సూదితో ఎక్కించేవారు. ఒకటి రెండు సూదులతో పోయే జబ్బు కాదది. రోగి నెలలు, ఏళ్లు అక్కడే ఉండి, పని చేసుకుంటూ, మోతాదు ప్రకారం మందు తీసుకోవాలి. ఆ తరువాత డాప్సోన్ వచ్చింది. దాన్ని ఒక్కదాన్నే, పైగా కొందరు మధ్యలో ఆపుతూ వాడటంతో జబ్బు క్రిములు మొండికేశాయి. 1980ల నుంచి రెండు మూడు మందులు కలిపి, ఆరు నెలలో ఏడాదో, తేదీలు వేసిన అట్టల్లో ఇవ్వడం మొదలైంది. కుష్ఠును జయించింది ఆ అట్టలోని వరుస తప్పని గోలీలే. ఒక్క రాత్రి అద్భుతం కోసం కూర్చుని ఉంటే డిచ్‌పల్లి కథే ఉండేది కాదు. క్రీస్తు పేరిట ప్రతిరోజూ మోతాదు కొలిచి ఇచ్చిన చేతులు మన పక్క ఊళ్లోనే ఉన్నాయి. వారి వారసులం మనం.

కాబట్టి సంఘం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. గోలీ మానాలనుకునే ప్రతి విశ్వాసికీ ఒక తోడును ఇవ్వండి. ఆ తోడు అతనితో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒక నోటుపుస్తకంలో తేదీ, మోతాదు, ఆ రాత్రి నిద్ర, వణుకు రాసిపెట్టాలి. ఒకే డాక్టరు, ఒకే మందుల షాపు ఉండేలా చూడాలి. గోలీలు పిల్లలకు అందకుండా పెట్టెలో తాళం వేసి ఉంచాలి. పక్కింటావిడకు నిద్ర పట్టకపోతే 'నా గోలీ వేసుకో' అని ఇచ్చే దయను మానాలి. ఒక మెట్టు దగ్గర కష్టమైతే అక్కడే కొన్ని వారాలు ఆగడం ఓటమి కాదని ధైర్యం చెప్పాలి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లడం పిచ్చివాడన్న ముద్ర వేయించుకోవడం కాదని వేదిక మీద నుంచే ప్రకటించాలి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416ను, మత్తు విముక్తి సహాయ నంబరు 14446ను ఆదివారం ప్రకటనలతో పాటు చదవాలి. అవి ఖర్చు లేని ఫోన్లు.

సాక్ష్యాల పద్ధతి కూడా మారాలి. 'ఆ రోజే అన్నీ విసిరేశాను' అన్నవారికే మైకు ఇస్తే, విన్నవారు ఇంటికి వెళ్లి విసిరేస్తారు. 'పోయిన నెల పదో వంతు తగ్గించాను, నాలుగు రాత్రులు కష్టపడ్డాను, ఇప్పుడు నిద్ర పడుతోంది' అన్నవారికి కూడా మైకు ఇవ్వండి. దానికీ స్తోత్రం చెప్పండి. వెనక్కి జారి మళ్లీ పాత మోతాదుకు పోయిన మనిషి ముఖం చాటేయకుండా వచ్చే ఆదివారం గుడికి రాగలిగితే, అది మంచి సంఘం.

ఇంతకన్నా కష్టమైన మాట ఇంకొకటి ఉంది. గోలీ తగ్గించమని చెప్పే సంఘం, ఆ గోలీ ఎందుకు అవసరమైందో కూడా అడగాలి. అప్పు తీరే దారి లేకుండా, మూతపడిన ఫ్యాక్టరీకి బదులు పని దొరక్కుండా, గల్ఫ్ నుంచి కబురు రాకుండా కేవలం మోతాదు తగ్గించి నిద్రపొమ్మంటే నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? లూకా సువార్త 10వ అధ్యాయంలో మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. రెండు దేనారాలు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఆయన కరుణకు మందుంది, బసకు డబ్బుంది, మళ్లీ వస్తానన్న మాటా ఉంది. మన కూటాల్లో నూనె పుష్కలంగా ఉంది. కొరవడింది ఆ రెండు దేనారాలు, ఆ తిరిగి రావడం. బోధన్‌కు వెళ్లే బస్సు చార్జీ, నెలకు ఒకసారి ఆసుపత్రికి తోడు వెళ్లే ఒక పూట కూలి, ఇవి సంఘం భరించలేనంత పెద్ద ఖర్చులు కావు.

అధికారులకు కూడా ఒక మాట. కల్తీ మీద దాడులు చేయాల్సిందే, పొడి తయారుచేసే పెద్ద చేతుల దాకా పోవాల్సిందే. కానీ ఒక ఊళ్లో సీసా ఆపే రోజున ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, మందు సిద్ధంగా ఉండాలి. 2015 నేర్పిన పాఠం అదే. సరఫరా ఆపడం పోలీసు పని. ఆగినవాణ్ని బతికించుకోవడం ఆసుపత్రి పని. రెండూ ఒకే రోజు మొదలుకావాలి.

ఇక ఆ ప్రశ్నకు మా జవాబు ఇది. 'గోలీ బంద్ చెయ్యమంటారా?' అని అడిగే తల్లీ, ఇవాళ రాత్రి చెయ్యొద్దమ్మా. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి పోదాం. ఎంత వాడుతున్నావో, కల్లు తాగితే అది కూడా, దాచకుండా చెప్పు. ఆయన చెప్పినంతే తగ్గించు, చెప్పినంతకాలం ఓర్చుకో. నీ వెంట మేము వస్తాం. తల వెంట్రుకలను లెక్కపెట్టిన దేవునికి నీ మిల్లీగ్రాములు లెక్కపెట్టడం చిన్నతనమేమీ కాదు.